మంచం పిల్లల హక్కు

పిల్లలకు మంచం అలవాటు చేయకూడదని, నేల మీద చాప పరిచి పడుకోబెడితేనే క్రమశిక్షణ, ఆరోగ్యం, భక్తి అన్నీ అబ్బుతాయని చెప్పే మాటలు ఈమధ్య ప్రవచనాల్లోనూ వాట్సాప్ సందేశాల్లోనూ తెగ తిరుగుతున్నాయి. భూమి తల్లి కాబట్టి ఆమె స్పర్శ బిడ్డకు మేలే చేస్తుందంటారు. వెన్నెముక గట్టిపడుతుందంటారు. మంచం భోగమని, భూశయనం తపస్సని అంటారు. వానాకాలం మొదలయ్యాక మన పత్రికల జిల్లా పేజీల్లో ఇంకో రకం మాటలు కనిపిస్తాయి: ఇంట్లో నేల మీద నిద్రిస్తున్న చిన్నారిని పాము కాటేసింది, ఆసుపత్రికి తరలించేలోపే ప్రాణం పోయింది. మొదటి మాటలను భక్తిగా వింటాం, రెండో మాటలను విధి అని సరిపెట్టుకుంటాం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం మాత్రం మనకు అలవాటు లేదు. పెట్టి చూస్తే తేలేది ఒక్కటే. మన పల్లెల్లో, మన వాతావరణంలో, బిడ్డను నేలకు ఎత్తుగా, దోమతెర లోపల పడుకోబెట్టడం ప్రాణరక్షణ. పుణ్యం పేరుతోనో మైల పేరుతోనో ఆ ఎత్తు నుంచి బిడ్డను కిందికి దించే ప్రతి ఆచారమూ క్రూరమైనదే.

ఈ ఆచారాలు ఎక్కడి నుంచి వచ్చాయో వెతకడానికి పెద్దగా శ్రమపడనక్కరలేదు. బ్రహ్మచారి నేల మీదే పడుకోవాలని మనుస్మృతి రెండో అధ్యాయం విధించింది. దీక్ష తీసుకున్నవాళ్లు చాప మీద పడుకోవాలన్న నియమం ఆ దారిలోదే. పెద్దలు తమ ఇష్టంతో పాటించే నియమాన్ని తొలిసారి అయ్యప్ప మాల వేసుకున్న ఏడేళ్ల కన్నెస్వామికీ వర్తింపజేస్తారు. ఇంట్లో చావు జరిగితే మైల రోజులన్నీ పసివాళ్లతో సహా నేల మీదే. ఆడపిల్ల పెద్దమనిషి అయితే మంచం ముట్టకూడదు, పరుపు ముట్టకూడదు, మూలన చాప మీదే తిండీ నిద్రా. వీటన్నిటి వెనుక ఉన్న ఊహ ఒకటే: పడక ఎత్తును శుచి, హోదా, నిష్ఠ నిర్ణయించాలి తప్ప ఆ పడక మీద పడుకునే శరీరం అవసరం కాదు.

ఆ శరీరం అవసరం ఏమిటో కట్లపామును చూస్తే తెలుస్తుంది. మన దేశంలో పాముకాటు మరణాలకు ప్రధాన కారణమైన నాలుగు పాముల్లో ఇదొకటి. మిగతావి నాగుపాము, రక్తపింజర, చిన్నపింజర. కట్లపాము పగలు కదలదు, రాత్రి వేటకు బయల్దేరుతుంది. ఎలుకల కోసం, బల్లుల కోసం, ఇతర పాముల కోసం గోడవారనే పాకుతూ ఇంట్లోకి వస్తుంది. నేల మీద పడుకున్న మనిషి దాని దారికి అడ్డంగా ఉంటాడు. నిద్రలో చెయ్యి కదిపినా, పక్కకు ఒత్తిగిల్లినా కాటేస్తుంది. దాని కోరలు చాలా చిన్నవి. కాటు చీమ కుట్టినట్టో దోమ కుట్టినట్టో ఉంటుంది, వాపు రాదు, నెత్తురు కనిపించదు, చాలాసార్లు గాటు కూడా దొరకదు. శ్రీలంకలోనూ మన దేశంలోనూ వైద్యులు నమోదు చేసిన కట్లపాము కాట్లలో ఎక్కువ భాగం రాత్రివేళ నేల మీద నిద్రపోతున్నవాళ్లకు పడినవే. ఆగ్నేయ నేపాల్‌లో జరిగి 2007లో ప్రచురితమైన అధ్యయనం దోమతెర లోపల నిద్రపోయేవాళ్లకు పాముకాటు నుంచి గట్టి రక్షణ ఉంటుందని తేల్చింది. దోమల కోసం కట్టిన తెర పామునూ ఆపుతోంది. ఇందులో మహిమ ఏమీ లేదు, తెర అంచును పడక కింద దోపితే పాముకు దారి ఉండదు, అంతే.

నేల మీద నిద్రపోతున్న బిడ్డను కట్లపాము కాటేసిన ఇంట్లో ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఆసుపత్రి వైద్యులకు బాగా తెలుసు. తెల్లవారుజామున బిడ్డ లేచి కడుపులో నొప్పి అంటుంది. తల్లి వాము నమిలిస్తుంది. వాంతి అవుతుంది. రాత్రి తిన్నది పడలేదనుకుంటారు. నాయనమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీస్తుంది. కాసేపటికి బిడ్డ కనురెప్పలు వాలిపోతాయి, నిద్రమత్తు అనుకుంటారు. మాట ముద్దగా వస్తుంది, నీళ్లు మింగలేకపోతుంది, మెడ నిలబడదు. అప్పుడు గాలి సోకిందని మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్తారు. పాముకాటని అనుమానం వచ్చినా చాలాచోట్ల మొదట వెతికేది పసరు వైద్యుణ్నే, విషం పీలుస్తుందని నమ్మే నల్లరాయినే. ఈలోగా విషం నాడుల చివర్లను దెబ్బతీసి ఊపిరి కండరాలను పడుకోబెడుతుంది. అన్నిటికంటే భయంకరమైన విషయం ఏమిటంటే, కదలలేని, మాట్లాడలేని స్థితిలో కూడా ఆ బిడ్డకు చాలాసేపు స్పృహ ఉండవచ్చు. తన చుట్టూ జరుగుతున్నదంతా వినబడుతూనే ఉండవచ్చు. వేళకు ఆసుపత్రి చేరితే విషానికి విరుగుడు మందు ఇస్తారు. నాడులు అప్పటికే దెబ్బతింటే ఆ మందు వాటిని వెంటనే బాగుచేయలేదు, కానీ కొన్ని రోజులు వెంటిలేటర్ మీద ఊపిరి నిలిపితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. అంటే ఈ చావుల్లో అత్యధికం ఆపగలిగినవే.

ఇవి అక్కడక్కడా జరిగే ప్రమాదాలు కావు. 2020లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్లు సుమారు 12 లక్షల మంది, ఏటా సగటున 58 వేలు. వాళ్లలో నాలుగో వంతుకు పైగా 15 ఏళ్లలోపు పిల్లలు. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే జరిగాయి. మరణాల భారం ఎక్కువగా మోసిన ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అంతకుముందు 2011లో వచ్చిన అధ్యయనంలో మరణాల్లో 97 శాతం గ్రామాల్లోనివి, ఆసుపత్రిలో జరిగినవి 23 శాతమే. మిగతావాళ్లు ఇంట్లోనో దారిలోనో మంత్రగాడి వాకిట్లోనో పోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది, మన కేంద్ర ప్రభుత్వం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ప్రభుత్వాలు ఇంత ఆలస్యంగా మేల్కోవడానికి కారణం, చనిపోతున్నవాళ్లు నేల మీద పడుకునేవాళ్లు కావడమే.

పాము ఒక్కటే కాదు. 2003 వేసవి చివర, వానాకాలం మొదట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపుతో 329 మంది పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు, 183 మంది చనిపోయారు. చాలామంది ఆసుపత్రిలో చేరిన ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. పరిశోధకులు గుర్తించిన కారణం చాందీపుర వైరస్. దాన్ని మోసుకొచ్చేది ఇసుక ఈగ. మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టాల దగ్గరి తేమలో పెరిగే ఈ ఈగ బలంగా ఎగరలేదు, ఎక్కువగా నేలకు దగ్గరగానే గెంతుతూ తిరుగుతుంది. మంచం ఒక్కటే దీన్ని ఆపుతుందని నేను అనను. మామూలు దోమతెర కన్నాల్లోంచి కూడా ఇది దూరగలదు, అందుకే మందు పట్టించిన తెర కావాలి, గోడల పగుళ్లు పూడ్చాలి. కానీ ఆ గోడవారనే చాప వేసి, అది భూమాత స్పర్శ అని బిడ్డకు నేర్పడం దేనికి?

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది పెద్దమనిషి అయిన పిల్లలకు చేసేది. ఆ పిల్లకు పదకొండేళ్లో పన్నెండేళ్లో ఉంటాయి. ఒంట్లో ఏం జరుగుతోందో సరిగా చెప్పేవాళ్లు కూడా ఉండరు. కడుపునొప్పి, నడుంనొప్పి, భయం. రోజూ అమ్మ పక్కన పడుకునే పిల్లను ఆ రోజే మూలకు నెడతారు. తాటాకు చాప, విడిగా కంచం, విడిగా గ్లాసు. తమ్ముడు దగ్గరికి వెళ్తే పెద్దలు కసురుతారు. కొన్నిచోట్ల ఇంటి బయట మేనమామ వేసిన పచ్చి ఆకుల గుడిసె. ఆమెకు ఎప్పుడూ లేనంత మెత్తని పడక, ఎప్పుడూ లేనంత దగ్గరితనం కావలసిన రాత్రుల్లో ఆ రెండూ తీసేస్తారు. చివరి రోజున పట్టుచీర కట్టి ఫొటోలు తీయించి ఊరంతటికీ భోజనాలు పెడతారు. ఆ వేడుక ఆ మూలను మాఫీ చేయదు. 2018 నవంబరులో గజ తుపాను వచ్చిన రాత్రి తమిళనాడులో పట్టుకోట్టై దగ్గర ఈడుకొచ్చిన బాలికను ఇంటికి విడిగా గుడిసెలో పడుకోబెట్టారు. చెట్టు విరిగి గుడిసె మీద పడి ఆ పిల్ల చనిపోయింది. 2017లో నేపాల్‌లోని దైలేఖ్ జిల్లాలో నెలసరి వచ్చిందని కొట్టంలో పడుకోబెట్టిన యువతిని పాము కాటేసి చంపింది. 2023 జులైలో కర్ణాటకలోని తుమకూరు ప్రాంతంలో బాలింతనూ పసిగుడ్డునూ వానలో ఊరి బయటి గుడిసెలో ఉంచితే ఆ పసిగుడ్డు ప్రాణం పోయింది. తుపానుకూ పాముకూ చలికీ మైల తెలియదు. దాన్ని నమ్మిన పెద్దలే ఆ పిల్లలను వాటి ముందు పెట్టారు. దైలేఖ్ చావు తర్వాత కొద్ది వారాల్లోనే నేపాల్ నెలసరి పేరుతో ఆడవాళ్లను వెలిగా ఉంచే ఆచారాన్ని జైలుశిక్ష పడే నేరంగా చేసింది. మనం ఇంకా దాన్ని సంప్రదాయం అంటున్నాం.

పడక ఎత్తు మన సమాజంలో ఎప్పుడూ హోదా గుర్తే. తక్కువ కులంవాడు ఎక్కువ కులంవాడితో సమంగా ఒకే ఆసనం మీద కూర్చోవాలని చూస్తే నడుం మీద వాత పెట్టాలని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెప్పింది. దొర వీధిలో వస్తుంటే తన వాకిట్లో తన నులకమంచం మీద కూర్చున్నవాడు దిగి నిలబడాల్సిన రోజులు తెలంగాణ పల్లెల్లో ముసలివాళ్లకు ఇంకా గుర్తే. పసివయసులో జీతానికి కుదిరిన పిల్లలు పశువుల కొట్టంలో గడ్డి పరుచుకుని పడుకున్నారు. మంచం లేనివాళ్లకు నేలే పవిత్రం అని చెప్పడం, మంచం ఉన్నవాళ్లకు ఎంతో సౌకర్యంగా ఉన్న బోధ.

పిల్లలకు మంచం ఉండాలన్న ఈ మాటకు వచ్చే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. మన తాతముత్తాతలు నేల మీదే పడుకుని నిండు నూరేళ్లూ బతికారు కదా అంటారు. బతికినవాళ్లే ఆ మాట చెప్పగలరు, బాల్యంలోనే పోయినవాళ్ల లెక్క ఎవరూ రాయలేదు. పైగా తాతముత్తాతలు మనం చెప్పుకుంటున్నంత అమాయకులు కారు. నులకమంచం అల్లింది వాళ్లే. చేలో కాపలాకు నాలుగు గుంజల మీద మంచె కట్టుకుని పైన పడుకున్నదీ వాళ్లే. పురుగూ పుట్రా తిరిగే చోట నేల మీద నిద్రపోకూడదన్న అనుభవ జ్ఞానం వాళ్లకు ఉంది. మనం ఆ జ్ఞానాన్ని వదిలేసి మైలను మాత్రం పట్టుకున్నాం. జపాన్ వాళ్లు నేల మీదే పడుకుంటారు కదా అని మరికొందరు. వాళ్ల సంప్రదాయ గృహాల్లో నేలంటే మట్టి కాదు, భూమికి ఎత్తుగా కట్టిన చెక్క వేదిక, దాని మీద తతామి, ఆపైన పరుపు. ఇక వెన్నెముక సంగతి. నడుంనొప్పి ఉన్న 313 మంది పెద్దవాళ్లపై స్పెయిన్‌లో జరిపి 2003లో లాన్సెట్‌లో ప్రచురించిన పరీక్షలో బాగా గట్టి పరుపు కంటే మధ్యస్థంగా ఉన్న పరుపే మెరుగని తేలింది. పిల్లల వెన్ను పెరిగేది తిండితో, ఆటతో, ఎండతో. దానికి కటిక నేల చేసే సాయం ఏదీ రుజువు కాలేదు.

మంచాన్ని కూడా దేవుణ్ని చేయనక్కరలేదు. మంచం మీదికి పాము అసలు రాదని చెప్పలేం. దుప్పటి నేలకు వేలాడుతుంటే, మంచం గోడకు ఆని ఉంటే, కింద ధాన్యం బస్తాలూ పాత సామానూ కుక్కి ఉంటే రావచ్చు. కాబట్టి మంచం గోడకు దూరంగా జరపాలి, కింద ఖాళీగా ఉంచాలి, తెర అంచులు పరుపు కింద దోపాలి. ఏడాదిలోపు పసికందును ఎత్తు మంచం మీద ఒంటరిగా వదిలితే దొర్లి పడిపోతుంది, వదులైన నులకలో ముఖం కూరుకుపోతే ఊపిరాడదు. ఆ వయసుకు గట్టిగా, చదునుగా ఉండే పడక, చుట్టూ అడ్డు, పైన తెర, పక్కన తల్లి ఉండాలి. వయసునుబట్టి, ఇంటినిబట్టి, ప్రమాదాన్నిబట్టి పడక మారాలి. హేతువు అడిగేది ఇంతే. తిథినిబట్టి, కులాన్నిబట్టి, నెలసరినిబట్టి మారకూడదు.

మంచం కొనలేని పేదలను నిందిస్తున్నావా అని అడగవచ్చు. లేదు. మంచం లేకపోవడం వాళ్ల తప్పు కాదు, ఆ లేమిని పుణ్యంగా చూపి నోరు మూయించడం మన తప్పు. సంక్షేమ వసతి గృహాల్లో, గురుకులాల్లో ఇప్పటికీ ఎందరో పిల్లలు ట్రంకుపెట్టెల మధ్య నేల మీద వరసగా పడుకుంటున్నారు. వానాకాలం వస్తే అక్కడి పాముకాట్ల వార్తలూ వస్తాయి. అడిగితే కష్టం తెలిసి పెరగాలని కొందరు పెద్దలు సమాధానం చెబుతారు. ఆ మాట చెప్పేవాళ్ల సొంత పిల్లలు మంచాల మీద పడుకుంటారు. పేదపిల్లల విషయంలోనే క్రమశిక్షణ నేల మీద దొరుకుతుందని నమ్మడం వివక్ష. ఒక ఇనుప మంచం, ఒక దోమతెర ఖరీదు ఏ రాష్ట్ర బడ్జెట్‌కూ భారం కాదు.

మత స్వేచ్ఛ ఇచ్చిన రాజ్యాంగం 25వ అధికరణంలోనే అది ప్రజారోగ్యానికి లోబడి ఉంటుందని రాసింది. దీక్ష పెద్దల ఇష్టం, వాళ్లు నేల మీద పడుకోవచ్చు. పిల్లలకు ఆ ఎంపిక చేసుకునే వయసు లేదు, వాళ్ల తరఫున ప్రమాదాన్ని ఎంచుకునే హక్కు మనకూ లేదు. కాబట్టి ఈ వానాకాలానికి ముందే మీ ఇంట్లో బిడ్డ పడకను నేల నుంచి పైకి లేపండి, తెర కట్టండి. మీ అమ్మాయి పెద్దమనిషి అయితే ఆమె మంచం మీదే, ఆమె అమ్మ పక్కనే పడుకోనివ్వండి. తెల్లవారుజామున బిడ్డకు కారణం లేని కడుపునొప్పితో రెప్పలు వాలుతుంటే దిష్టి తీయకండి, మంత్రగాడిని పిలవకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. మీ ఊరి వసతి గృహానికి వెళ్లి పిల్లలు ఎక్కడ పడుకుంటున్నారో చూడండి, నేల మీదైతే అధికారులను నిలదీయండి.