కొల్లేట్లో ఒక పూట పడవ షికారు

కిందటేడు మా టీం వాళ్ళం థాయ్‌లాండ్ వెళ్ళొచ్చాం. క్రాబీలో పొద్దున్నే హోటల్ దగ్గరికి బండి వచ్చింది. పదిమందిని ఒక పడవలో ఎక్కించుకుని, నాలుగు దీవులు తిప్పి, నీళ్ళు బాగున్న రెండు చోట్ల ఈతకి వదిలి, భోజనాల వేళకి మళ్ళీ ఒడ్డున దింపేశారు. ఒక్క పూట పని, అంతే. తిరిగొస్తుంటే మా మలయాళీ మిత్రుడు "మీ ఆంధ్రాలో ఇలాంటివి ఉన్నాయా?" అని ఊరికే అడిగాడు. మనం ఊరుకుంటామా? "ఏలూరు పక్కనే కొల్లేరు ఉంది, దాన్నిండా దీవులే, మా అమ్మ పుట్టింది ఒక దీవిలోనే" అని కోసేశాను.

అబద్ధం కాదు లెండి. లంక అంటే దీవేగా. గుడివాకలంక, కోమటిలంక, ప్రత్తికోళ్ళలంక అంటూ ఆ ఊళ్ళ పేర్లలోనే ఉంది సంగతంతా. అమ్మమ్మగారి ఊరు కూడా అలాంటి లంకే. అమ్మ చిన్నప్పుడు ఊళ్ళోంచి బయటికి రావాలంటే పడవే గతి. ఎండు సొరకాయ బుర్ర నడుముకి కట్టుకుని ఊరి వెనక నీళ్ళలోనే ఈత నేర్చుకుందట. అవే నీళ్ళు బిందెతో ముంచుకుని తాగేవాళ్ళట.

నేను కోసిన కోతల ఫలితం ఏంటంటే, డిసెంబర్లో మావాడు ఇంకో ఇద్దర్ని వెంటేసుకుని ఏలూరు స్టేషన్లో దిగాడు. ముగ్గురి బ్యాగుల్లోనూ తువ్వాళ్ళు, ఈత నిక్కర్లు :)

తాడేపల్లిగూడెం నుంచి నా ఇంజనీరింగ్ స్నేహితుడు కారు తెచ్చాడు. పొద్దున్న ఆరింటికి కైకలూరు రోడ్డెక్కాం. మంచు దట్టంగా ఉంది. రోడ్డుకి రెండు పక్కలా గట్లు, గట్ల మధ్య నలుచదరపు చెరువులు, చెరువుల మీద పక్షులు దిగకుండా కట్టిన తాళ్ళు, గట్ల మీద మేత బస్తాలు. ఓ అరగంటయ్యాక మావాడు "సరస్సు ఎప్పుడొస్తుంది?" అన్నాడు. "మనం సరస్సులోనే ఉన్నాం" అన్నాను. జోకనుకుని నవ్వాడు. నేను నవ్వలేదు.

ముందు ఆటపాక తీసుకెళ్ళాను. అక్కడ నిరాశ పడాల్సిందేమీ లేదు. గూడబాతులు, అదేనండీ పెలికాన్లు, అటవీశాఖ వాళ్ళు నీళ్ళలో నిలబెట్టిన ఇనప స్టాండ్ల మీదా చెట్ల మీదా గూళ్ళు కట్టుకుని కాపరాలు చేస్తుంటాయి. పడవలో వాటికి కాస్త దూరంగా ఒక చుట్టు తిప్పి తీసుకొస్తారు. వెళ్ళనివాళ్ళు తప్పకుండా వెళ్ళండి, చలికాలంలో వెళ్ళండి. కానీ అది పక్షుల కోసం ఉంచిన చోటు, ఒక చుట్టుతో అయిపోతుంది. తువ్వాళ్ళు సంచుల్లోనే ఉండిపోయాయి. "మరి దీవులు?" అన్నారు. ఇక తప్పదని అమ్మమ్మగారి ఊరికి తిప్పాను. ఇప్పుడు అక్కడికి కారే వెళ్తుంది.

మా మావయ్య దగ్గర చిన్న నాటు పడవ ఉంది. ఇంజను లేదు, గడకర్రతో తొయ్యడమే. "ఇక్కణ్ణుంచి పెద్ద ఎడ్లగాడి వంతెన దాకా పోయి, భోజనాలకి వచ్చేద్దాం మావయ్యా" అన్నాను. ఆ వంతెన కిందనుంచే కొల్లేటి నీళ్ళు ఉప్పుటేరు వైపు పోతాయి. ఆయన నా వంకా పట్నం నుంచొచ్చిన నా స్నేహితుల వంకా చూసి, "పదండి, ఎందాకా పోతదో చూద్దారి" అన్నాడు.

మొదటి పావుగంట నిజంగానే బాగుంది. ఒక పక్క తామరాకులు, ఒక పక్క కిక్కిస గడ్డి, వల సర్దుకుంటున్న ముసలాయన. క్రాబీలో లాగా స్పీకర్లో పాటల్లేవు, గడ నీళ్ళలో దిగే చప్పుడొక్కటే. తర్వాత గుర్రపుడెక్క మొదలైంది. గడ దిగబడిపోతోంది, మావయ్యకి చెమటలు పట్టేస్తున్నాయి. ఎలాగో అది దాటాక కాలవ సన్నబడింది. అటూ ఇటూ చెరువు గట్లు, ఒక గట్టు మీంచి మోటారు పైపు చెరువు మురుగు తెచ్చి మేమున్న నీళ్ళలోకే పోస్తోంది. మావాడు చెయ్యి ముంచబోతే మావయ్య వారించాడు, "వద్దు బాబూ, దురదలొస్తాయి." బయల్దేరి ముప్పావుగంట కాకుండానే ఎదురుగా అడ్డంగా ఇంకో గట్టు. అంతే, దారి అయిపోయింది.

"ఇదెవరిది?" అన్నాడు మావాడు.

మావయ్య నా వంక చూశాడు. ఆ గట్టు మాదే.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. కొల్లేట్లో చేపల చెరువులు మొదలైంది దొంగతనంగా కాదు. 1970ల్లో ప్రభుత్వమే మత్స్యకారులకి సహకార సంఘాలు పెట్టించి చెరువులు తవ్వించి ఇచ్చింది. తర్వాత లాభం రుచి మరిగిన పెద్దవాళ్ళు బయటినుంచి వచ్చి లీజులకి తీసుకున్నారు, చెరువులు పెరిగాయి, సరస్సు తరిగింది. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టు 19న రాంసార్ జాబితాలో చేర్చారు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో గట్లు కొట్టేశారు. 2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి కుదించమని తీర్మానం చేసింది. అది జరగలేదు, కానీ కొట్టేసిన గట్లు చాలాచోట్ల మళ్ళీ లేచాయి.

మా తాతయ్యకి అక్కడ నాలుగెకరాల జిరాయితీ ఉండేది. దాన్ని చెరువుకి లీజుకిచ్చాడు. పట్టా భూమే కానీ అభయారణ్యం హద్దు లోపల ఉంది కాబట్టి అక్కడ చెరువు ఉండకూడదు. ఉంది. 2006లో పొక్లెయిన్ వచ్చి గట్టు కొడుతుంటే చూశాను, నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మమ్మ ఏడవడం గుర్తుంది. కొన్నేళ్ళకి గట్టు మళ్ళీ లేచింది. 2014 నుంచి 2018 దాకా నా ఇంజనీరింగ్ ఫీజులో సగం ఆ లీజు డబ్బే. చెప్పొచ్చేదేమిటంటే, నన్ను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని చేసిన గట్టు దగ్గరే నా పడవ ఆగిపోయింది.

పడవ వెనక్కి తిప్పాక మావాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే అన్నాడు, మీ కొల్లేరూ మా వెంబనాడూ ఒకే రోజు రాంసార్ జాబితాలోకి ఎక్కాయని. నిజమే, రెండూ ఆ 2002 ఆగస్టు 19నే. "మా దగ్గర పడవలు పోవడానికి నీళ్ళున్నాయి. ఎక్కువైన హౌస్‌బోట్లు వదిలే మురుగుతోనే మాకు గొడవ. మీకు ఆ గొడవ పడే అదృష్టం కూడా లేదు" అన్నాడు. వెక్కిరింతగా అన్లేదు, జాలిగా అన్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంటికెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒకరు "కొల్లేరుని టూరిజం స్పాట్ చెయ్యాలి, రిసార్టులు కట్టాలి, స్పీడు బోట్లు తేవాలి" అంటుంటారు. నేనూ అనేవాణ్ణి. ఇప్పుడు నాకు తోచేదేమిటంటే, కొల్లేట్లో పడవ షికారు లేకపోవడం టూరిజం సమస్య కాదు, నీటిదారి సమస్య. మన భాషలో చెప్పాలంటే, సర్వరు పలకనప్పుడు మనం ట్రేస్‌రూట్ కొడతాం. ప్యాకెట్ ఏ హాప్ దగ్గర చచ్చిందో తెలుస్తుంది. కొల్లేటికి ఈ పూట పడవ ప్రయాణమే ట్రేస్‌రూట్. పడవ ఎక్కడ ఆగిందో, వరద కూడా అక్కడే ఆగుతుంది.

పోలిక కోసం అనడం లేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా బోలెడన్ని డెల్టా మురుగు కాలవలూ వచ్చి పడేది కొల్లేట్లోకి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, సముద్రం దాకా 60 కిలోమీటర్ల పైచిలుకు సాగే ఉప్పుటేరు. 2024 సెప్టెంబర్లో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు మనందరం టీవీల్లో సింగ్‌నగర్ చూశాం. ఆ నీళ్ళు విజయవాడ నుంచి తీశాక ఎక్కడికెళ్ళాయో ఎంతమంది చూశారు? ఇక్కడికే వచ్చాయి. చిన్న ఎడ్లగాడి దగ్గర ఏలూరు-కైకలూరు రోడ్డు మీద రాకపోకలు ఆగిపోయాయి, లంక ఊళ్ళు నీళ్ళలో ఉన్నాయి. మా నాలుగెకరాల గట్టు ఒక్కటే దానికి కారణమని అనను. అలాంటి గట్లు వందలున్నాయి, ప్రతి గట్టు వెనకా నాలాంటి ఒక ఇంజనీరో, పెళ్ళయిన ఒక ఆడపిల్లో ఉన్నారు. అందుకే ఈ సమస్య తెగదు.

దారి తెరిస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం వెళ్ళక్కర్లేదు, పక్క రాష్ట్రంలో చిలికా ఉంది. పూడిక పేరుకుని, సముద్రంతో రాకపోకలు తగ్గి పాడైపోతుంటే 1993లో దాన్ని ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో పెట్టారు. 2000 సెప్టెంబర్లో సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వారు. 2002లో ఆ జాబితాలోంచి తీసేశారు. ఇవాళ సాతపడ దగ్గర డాల్ఫిన్లు చూపించే పడవలు తిరుగుతున్నాయి. అక్కడ రొయ్యల కట్టల తగాదా తీరిపోలేదు, అది వేరే సంగతి. వరస మాత్రం గమనించండి: ముందు నీటిదారి, తర్వాత పడవలు. మనం పడవలతో మొదలెడదామనుకుంటున్నాం.

పడవలు ముందొస్తే ఏమవుతుందో థాయ్‌లాండ్ వాళ్ళే చూపించారు. క్రాబీకి ఎదురుగా ఫీఫీ దీవుల్లో మాయా బే అని సినిమాతో పేరొచ్చిన తీరం ఉంది. జనం తొక్కిడికి పగడాలు పాడైపోతే 2018లో మూసేశారు. 2022 జనవరిలో మళ్ళీ తెరిచారు, కానీ ఈతకి ఒప్పుకోలేదు, పడవల్ని బే లోపలికి రానివ్వలేదు. స్పీడు బోట్లు కావాలనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అందుకని నేనడిగేది చిన్నది. రిసార్టు వద్దు, ఇంజను వద్దు. ఎనిమిది మంది పట్టే పడవ, గడ వేసే స్థానిక మత్స్యకారుడు, నాలుగు గంటలు, రెండు లంకలు, ఏదో ఒక ఇంట్లో కొర్రమీను పులుసుతో భోజనం. ఆ డబ్బు ఆ ఊళ్ళోనే ఉండాలి. అందరికీ లైఫ్ జాకెట్లు, పడవలో ఎంతమందన్నది రాసిన పుస్తకం. 2017 నవంబర్లో పవిత్ర సంగమం దగ్గరా 2019 సెప్టెంబర్లో కచ్చులూరు దగ్గరా పోయిన ప్రాణాలు చూశాక కూడా "కొల్లేరు లోతెంత, నడుం లోతేగా" అనే మాట ఎవరూ అనకూడదు. అడుగున బురద ఉంటుంది, గుర్రపుడెక్క వేళ్ళు కాళ్ళకి చుట్టుకుంటాయి. ఈత సంగతి ఇప్పట్లో మర్చిపోదాం. ఆ నీళ్ళలో ఒక పిల్ల సొరకాయ బుర్ర కట్టుకుని దూకే రోజు వస్తే, కొల్లేరు బాగుపడిందని ఏ కమిటీ చెప్పక్కర్లేదు.

మావయ్యతో ఇదంతా అన్నాను. ఆయన ప్రశ్న సూటిగా ఉంది. "నీకు హైదరాబాదులో ఉద్యోగం ఉంది అబ్బాయ్. ఫీజు కట్టడం అయిపోయింది కాబట్టి గట్టు అడ్డం అనిపిస్తంది. పక్క చెరువు వాడి కొడుకు ఈ ఏడే కాలేజీలో చేరాడు. ఆడికేం చెప్తావు?"

నా దగ్గర సమాధానం లేదు. ఉన్న సగం సమాధానం ఇది: జిరాయితీ భూములకి సరైన పరిహారం ఇవ్వకుండా పొక్లెయిన్లు పంపితే 2006 మళ్ళీ జరుగుతుంది, గట్లు మళ్ళీ లేస్తాయి. అసలేమీ చెయ్యకుండా ఊరుకుంటే 2024 మళ్ళీ జరుగుతుంది. పరిహారం కోసం అడగాల్సింది ఆ పక్క చెరువు వాడొక్కడే కాదు. ఆ గట్ల మీద చదువుకుని హైదరాబాదుల్లో, డాలసుల్లో ఉన్న మనమే ముందు అడగాలి. మనకైతే పోయేదేమీ లేదు కదా.

మా లీజు జూన్లో అయిపోతుంది. ఆ నాలుగెకరాలు ఇప్పుడు అమ్మ పేరున ఉన్నాయి. ఈసారి లీజు రాయొద్దన్నాను, పరిహారం వచ్చినా రాకపోయినా. ముందుగా కాలవకి అడ్డంగా ఉన్న వైపు పడవ పట్టేంత గండి కొట్టిద్దామన్నాను. అమ్మ ఏమీ అనలేదు. మావయ్య మాత్రం "కొట్టించు. దాని ఎనకాల ఇంకో గట్టుంది" అన్నాడు.

ఉంటే ఉండనివ్వండి. కనీసం మన హాప్ దాటుతుంది.