ప్రాసెసరు విద్యయు మన కరవుసీమయు

అనంతపురము ఇంజనీరింగు కళాశాల 1946లో పుట్టి, చెన్నపురి గిండీలో కొంతకాలము తలదాచుకొని, 1948లో ఈ పీఠభూమికి వచ్చినది. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు సీమలో యంత్రవిద్య పాదుకొనుట సామాన్యము కాదు. నాటివారు వంతెనలు కట్టిరి, విద్యుత్తంతులు లాగిరి. నేటివారు బెంగుళూరు రైలెక్కి కంప్యూటరు కొలువులలో చేరుచున్నారు. చేరనిండు, కరవు తిన్న ఇంటికి నెలజీతము చిన్నది కాదు. కాని కంప్యూటరును నడుపువారు ఇందరుండగా, దాని గుండెయగు ప్రాసెసరును కట్టనేర్చినవారెందరు?

ఆ విద్యకు కంప్యూటర్ ఆర్కిటెక్చర్ అని పేరు. పట్టభద్రులైన పిమ్మట ఎం.టెక్. తరగతిలో దీనిని లోతుగా చదువుదురు. దీని సారము మన పల్లెటూరి ఇల్లాలికి తెలియనిది కాదు. సెకనునకు మూడువందల కోట్ల అడుగులు వేయు ప్రాసెసరు, ఒక అంకె కావలసి ప్రధాన జ్ఞాపకశాలకు పోయెనా, వందలకొలది అడుగుల కాలము చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. అందులకే చేరువలో క్యాష్ అను చిన్న కొట్టును (నగదు కాదు సుమా!) పెట్టుదురు. ఇంటిలో బిందె, వీధిచివర బావి, ఊరవతల చెరువు: ఏ నీరెచ్చట నిలుపవలెనో, చోటు చాలనపుడు దేనిని ముందు ఒలకబోయవలెనో, ఒక్కొక్క నడకకు ఎంత శ్రమయో లెక్కకట్టుటయే ఇందు సగము శాస్త్రము. అనంతపురము బిడ్డకు ఈ లెక్క మరియొకరు నేర్పవలెనా?

పేరుమోసిన ప్రాసెసర్ల ఆజ్ఞాపట్టికలు విదేశీ కంపెనీల సొత్తు. వానిని ముట్టవలెనన్న అనుమతి కావలెను. 2010లో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమున రిస్క్-ఫైవ్ అను పట్టిక మొదలై, సుంకము లేకయే ఎల్లరికిని తెరువబడినది. దానిని చేకొని మదరాసు ఐ.ఐ.టి. వారు శక్తి ప్రాసెసరును రచించిరి. 2018లో చండీగఢులోని ప్రభుత్వ కర్మాగారముననే ఒక శక్తి చిప్పు తయారైనది. 180 నానోమీటర్ల పాతపద్ధతియే కావచ్చును, ఐనను మనది.

ఇంత జరిగినను, మన విద్యార్థులలో పెక్కురు ఈ పాఠమును పరీక్షకు ముందు రాత్రి వల్లించి మరునాడు మరచుచున్నారు. పటము గీసి మార్కులు తెచ్చుకొనుట విద్య కాదు. కట్టి, కొలిచి, పడగొట్టి, మరల కట్టవలెను. ఇందులకు మహాకర్మాగారమక్కరలేదు. ఎఫ్.పి.జి.ఏ. పలకలు కొన్ని, ఉచితముగ దొరకు అనుకరణ సాధనములు, ఓపికగల గురువు చాలును. ఉత్సవములకు చందాలు వ్రాయు పట్టణ పెద్దలారా, ఎం.టెక్. విద్యార్థుల జట్టునకొక పలక కొనియిచ్చుట మీకు భారమా? ఆ రెండేండ్లు రైతుబిడ్డకు భుక్తి యెట్లు గడచునో అదియు విచారింపుడు. బోరుబావి అప్పు నెత్తిమీదనుండగా ఏ తండ్రి బిడ్డను మరల తరగతికి పంపును?