రెండు చినుకుల ప్రయాణం



ఒక కొండమీద పక్కపక్కనే రెండు చినుకులు పడినవి. ఒకటి తూర్పుకు పారింది, ఒకటి పడమరకు పారింది. అవి మళ్ళీ కలుసుకుంటాయా? ఆలోచిస్తూ ఇది చదవండి.

మొన్న కార్తికమాసంలో నేనూ, నా మనుమరాలూ తెల్లవారుజామున 5 గంటలకే వికారాబాదునుంచి కారులో బయలుదేరాము. అనంతగిరిమీద అనంత పద్మనాభస్వామిని దర్శించి, అడవిలో ఉన్న బుగ్గ రామలింగేశ్వరుని గుడికి వెళ్ళాము. బుగ్గ అంటే చెంప అనుకునేరు! నేలలోనుంచి ఉబికే ఊటను కూడా బుగ్గ అంటారు. ఆ కొండల పైభాగాన చిల్లులున్న ఎర్రరాయి ఉన్నది. వాననీరు అందులో ఇంకి, అడుగున గట్టిపొర తగిలి, పక్కనుంచి ఊటగా బయటికి వస్తుంది. అందుకే వానలు వెలిసినా ఊట వెంటనే ఆగదు.

పూజ కాగానే, పువ్వులు తెచ్చిన ప్లాస్టిక్ సంచిని అలవాటుకొద్దీ నీటి ఒడ్డున పడవేశాను.

"తాతయ్యా, ఇది ఎక్కడికి పోతుంది?" అన్నది మనుమరాలు.

36 ఏళ్ళు పిల్లలను ప్రశ్నలడిగినవాణ్ణి, ఆ ప్రశ్నకు సిగ్గుపడ్డాను. సంచి తీసి జేబులో పెట్టుకున్నాను.

ఎండ ముదరకముందే తాండూరు చేరి, కాగ్నా వంతెనమీద నిలబడి ఆమెకు జవాబు చెప్పాను. నీరు పల్లమెరుగును గదా! ఈ కొండలలో పుట్టిన మూసీ తూర్పుగా పారుతుంది. 1908 వరద తరువాత కట్టిన గండిపేట చెరువును నింపి, హైదరాబాదు నడుమగా సాగి, సుమారు 240 కిలోమీటర్లు నడిచి వాడపల్లివద్ద కృష్ణలో కలుస్తుంది. అక్కడ అగస్త్యేశ్వరుని గుడి ఉన్నది. ఆ కొండలలోనే పుట్టిన కాగ్నా పడమరగా తాండూరు దాటి, ఒకప్పటి రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం పక్కగా పోయి భీమానదిలో చేరుతుంది. భీమ కృష్ణలో చేరుతుంది. ఆ నీరు శ్రీశైలం, నాగార్జునసాగరం దాటివచ్చి, వాడపల్లిలో మూసీని కలుసుకుంటుంది. చూశారా? విడిపోయిన చినుకులు మళ్ళీ కలిసినవి!

మనుమరాలు కాసేపు ఆలోచించి, "అయితే తాతయ్యా, మన సంచి ఊరివాళ్ళు తాగే చెరువులో పడి, అక్కణ్ణుంచి ఇంకో శివుడి గుడి దగ్గరకు పోయేదన్నమాట!" అన్నది.

అవును. గుడిలో చెప్పులు విడుస్తాము. చెత్తను మాత్రం విడువరాదు.

మీ ఊరి వాగు ఏ నదిలో కలుస్తున్నదో అమ్మనో, నాన్ననో అడిగి పటంలో గీత గీయండి. ఆ గీత పొడుగునా ఎన్ని ఊళ్ళు ఆ నీరు తాగుతున్నవో లెక్కపెట్టండి.