వినత పగులగొట్టిన గ్రుడ్డు

ఇంటరు పరీక్షా ఫలితములు వెలువడిన నాటి సాయంకాలము మా వీధి రెండుగా చీలిపోవును. కొన్ని యిండ్ల తలుపులు బార్లా తెరచియుండును. కొన్నిటివి దగ్గరగా వేసియుండును. తెరచిన యిండ్లనుండి మిఠాయి పొట్లములు బయలుదేరును. మూసిన యిండ్లలోనివారు వానిని చేతులార నందుకొని, "మీవాడు బుద్ధిమంతుడండీ" యని పెదవులతో నని, లోపలికి పోయి తమ బిడ్డవంక నొక చూపు చూతురు. ఆ చూపును గూర్చియే నేనీ నాలుగు మాటలు వ్రాయబూనితిని.

ఆ చూపు చూచినవారిలో నేనును ఒకడనని ముందుగా నొప్పుకొనుట న్యాయము. చాల యేండ్ల క్రిందట నా కుమార్తె గణితములో నూటికి 91 మార్కులు తెచ్చుకొని, చెప్పులైన విడువక నా కుర్చీకడకు పరుగెత్తుకొని వచ్చెను. "మంచిది తల్లీ" యనుటకు మారుగా నేను, "ఫస్టు ఎవరికి వచ్చింది?" అంటిని. గాలికి దీపమారినట్లు పిల్ల ముఖము చిన్నబోయెను. ప్రక్కింటి పిల్ల పేరు చెప్పి, కాగితము మడిచి సంచిలో పెట్టుకొని పోయెను. ఆ తరువాత తన మార్కుల కాగితమును తనంత తానై నాకెన్నడును చూపలేదు. నేనడిగినది ఒక్క ప్రశ్న. పోగొట్టుకొన్నది బిడ్డ నమ్మకము.

ఈ పాపము క్రొత్తది కాదు. ఆదిపర్వములోని కద్రూవినతల కథ మన యిండ్లలో నెరుగని వారుండరు. కద్రువ వేయిమంది కొడుకులను కోరగా, వినత వారికంటె బలవంతులైన యిద్దరిని కోరెను. కోరికలోనే పోలిక యున్నదని గమనింపుడు. ఐదువందల యేండ్లకు కద్రువ గ్రుడ్లు పగిలి బిడ్డలు బయటికి వచ్చిరి. వినత గ్రుడ్లు రెండును కదలలేదు. సవతి బిడ్డలను చూచి సిగ్గుపడి, ఆ తల్లి యొక గ్రుడ్డును తన చేతితోనే పగులగొట్టెను. నడుము క్రింద రూపమేర్పడని బిడ్డ కలిగెను. అతడే అనూరుడు. నీవెవరిని చూచి తొందరపడితివో ఆ సవతికే దాసివి కమ్మని యతడు తల్లిని శపించి, రెండవ గ్రుడ్డునైనను ఓర్పుతో కాపాడుకొమ్మని చెప్పి, సూర్యునకు సారథియై పోయెను. మరి యైదువందల యేండ్లకు తనంత తాను పగిలిన రెండవ గ్రుడ్డునుండి గరుత్మంతుడు పుట్టి, అమృతము తెచ్చి, తల్లి దాస్యమును బాపెను.

వినత క్రూరురాలు కాదు. బిడ్డలమీద ప్రేమ లేనిదియు కాదు. గ్రుడ్డులో నేలోపమును లేదు. ప్రక్కవారి గ్రుడ్డు ముందుగా పగులుటయే దాని నేరము. ఇక శాపమందలి సూక్ష్మమును జూడుడు: ఎవరితో పోల్చుకొన్నదో వారికే ఊడిగము చేయవలసి వచ్చెను. పోలిక ఫలమెప్పుడును ఇంతియే. పొరుగువానిని మన తూకపురాయిగా నెన్నుకొన్న నాడే మన సుఖదుఃఖముల తాళపుచెవి వాని చేతిలో పెట్టినవార మగుచున్నాము. వినతను నిందించి తప్పించుకొన జూచు తండ్రులారా, మీరును తొందరపడకుడు. ఆరవ తరగతి పిల్లవానికి ఐఐటీ పునాది పాఠములని వేలకు వేలు కట్టి వచ్చుచున్న దెవరు?

మన తెలుగుదేశమున ఈ గ్రుడ్లు పగులగొట్టుట కొక గొప్ప పరికరము గలదు. దాని పేరు ర్యాంకు. 1986లో ఎంసెట్ పరీక్ష ప్రారంభమైనపుడు ర్యాంకు పని యొక్కటే: ఉన్న సీట్లను వరుసగా పంచుట. రేషను దుకాణము ముందర నిచ్చు చీటీవంటి దది. చీటీ నంబరునుబట్టి మనిషి విలువ కట్టువాడుండునా? మనము కట్టితిమి. కూడళ్లలో పిల్లల బొమ్మలతో ఫలకములు నిలిపినారు. ఒకటి, ఒకటి, రెండు, మూడు అని టీవీలలో కేకలు వేసినారు. వానిని చూచి మనము ఫీజులు కట్టినాము. మార్కు బిడ్డ ఎంత నేర్చినదో కొంతయైన చెప్పును. ర్యాంకు తనకు ముందర నెందరున్నారో మాత్రమే చెప్పును. పిల్లలందరును రేపటినుండి రెట్టింపు నేర్చినను మొదటి స్థానమొక్కటియే. సగముమంది యెప్పుడును సగమునకు దిగువనే యుందురు. ఇట్టి కొక్కెమునకు సంతోషమును తగిలించినచో, లెక్క ప్రకారమే అది పదిమందిలో తొమ్మండుగురికి అందదు.

అందినవారికైనను సుఖమున్నదా? 1992 బార్సిలోనా ఒలింపిక్ క్రీడలలో పతకములు గెలిచినవారి ముఖములను పరిశీలించి, అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు ముగ్గురు 1995లో ఒక వింత ప్రకటించిరి. వెండి పతకము వచ్చినవారికంటె కంచు పతకము వచ్చినవారే ఎక్కువ సంతోషముగా కనబడిరట! వెండివాడు చేజారిన బంగారమును చూచును. కంచువాడు ఏమియు రానివానిని చూచును. అయిన, "నీకంటె తక్కువవారిని చూచి తృప్తిపడుము" అని మన పెద్దలు చెప్పుదురే, ఆ యుపదేశము మంచిదేనా? నేనొప్పుకొనను. పూరిగుడిసెను చూచి పెంకుటింటివాడు పొందు తృప్తి తృప్తి కాదు, తిరుగవేసిన అసూయ. పొరుగువాని లేమి మన సంతోషమున కెరువగునా? మీదికి చూచి యేడ్చుటయు, క్రిందికి చూచి నవ్వుటయు నొకే రోగము.

ఈ రోగము ప్రాణములు తీయుచున్నది. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటరు ఫలితములు వెలువడిన పిమ్మట కొలది దినములలో ఇరువదిమందికి పైగా పిల్లలు ఆత్మహత్య చేసికొనిరి. తీరా చూడగా ఫలితములలోనే తప్పులు దొర్లినవి. తెలుగులో సున్న వచ్చినదన్న యొక బాలికకు మరల దిద్దగా 99 వచ్చినవి. సున్నకును తొంబదితొమ్మిదికిని నడుమ ఆ బాలికలో నేమి మారినది? వెండ్రుకవాసి మారలేదు. మారినది చూచువారి చూపు. 2022లో దేశమంతటను 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరని ప్రభుత్వ లెక్కలు చెప్పుచున్నవి. అందరును పరీక్షలవలననే పోయిరని నేననను. కాని ఆ సంఖ్యను చదివి, ఇందులో మన చూపునకు పాలు లేదని గుండెమీద చేయివేసి చెప్పగలమా?

విశాఖపట్టణమున 2023లో వైద్యవిద్యా పరీక్షకు చదువుచు మరణించిన యొక బాలిక కేసులో, 2025 జూలైలో సుప్రీం కోర్టు కొన్ని కట్టడులు చేసెను. మార్కులనుబట్టి పిల్లలను వేరు తరగతులుగా విడదీయరాదనియు, నలుగురిలో అవమానింపరాదనియు అందులో గలదు. మంచిదే. కాని మన భోజనపు పంక్తిలో ఏ న్యాయమూర్తి వచ్చి కూర్చుండును? పెండ్లిపందిటిలో "మీవాడి ర్యాంకెంత?" అని యడుగు పెద్దమనిషికి ఏ బంట్రోతు తాఖీదు నిచ్చును?

"పోటీ లేనిదే పురోగతి లేదు, ఉన్న సీట్లు కొన్నియే కదా" యని కొందరందురు. నిజమే. బీదవాని బిడ్డకు పరీక్షయే నిచ్చెన యని నేనెరుగుదును, దానిని తీసివేయుమనను. కాని నిచ్చెన ఎక్కుటకు గాని, దానితో బిడ్డను కొట్టుటకు గాదు. పోటీని పరీక్షాశాలలోనే విడిచి ఇంటికి రానిండు. గ్రుడ్డులో నున్న గరుత్మంతుడు సోమరి కాడు, పెరుగుచున్నాడు.

కావున సోదరులారా, సోదరీమణులారా, మూడు నియమములు పెట్టుకొందము. బడినుండి వచ్చిన బిడ్డను, ముందెవరు వచ్చిరని గాక, నేడేమి తెలిసినదని యడుగుదము. మన బిడ్డ మార్కులను బంధువుల వాట్సాపులో చాటము; వారి బిడ్డలవి యడుగము. పిల్లల బొమ్మలను సరకువలె గోడల కెక్కించు విద్యాలయమునకు మన ధనమీయము. ఇవి చేయుటకు చట్టమక్కరలేదు, సిగ్గు చాలును.

ఇటీవల నా కుమార్తెను ఆనాటి ప్రశ్నకు క్షమింపుమంటిని. అది నవ్వి, "ఆ రోజు ఆఖరి లెక్క మాస్టారు చెప్పని పద్ధతిలో చేశాను నాన్నా. అది చెప్పడానికే పరుగెత్తుకొచ్చాను" అనెను. ఆ పద్ధతి యేదియని యడిగితిని. ఎంత తలచుకొన్నను దానికి జ్ఞాపకము రాలేదు.

మీ గుమ్మమునకు పరుగెత్తుకొని వచ్చు బిడ్డ యింకను ఉన్నచో, ఆ మాట నేడే యడుగుడు.