లెక్క చూపని శాతాలు: తెలుగు సినీగీత పరిశోధనలో పునఃపరీక్ష అవసరం

తెలుగు సినీగీత పరిశోధనలో సంఖ్యకు గౌరవం పెరిగింది. ఫలానా కవి పాటల్లో తత్సమాలు ఇంత శాతమనీ, ఫలానా దశాబ్దంలో అన్యదేశ్యాలు ఇంత శాతమనీ పట్టికలు వేస్తున్నాం. పట్టిక కనిపించగానే వ్యాసం శాస్త్రీయమైందని తృప్తి పడుతున్నాం. ఆ శాతం ఏ పాఠం నుంచి, ఏ నియమంతో, ఏ గణనతో వచ్చిందో మాత్రం చాలా వ్యాసాల్లో ఉండదు. మరొకరు మళ్లీ లెక్కించి చూడటానికి వీలులేని సంఖ్య ప్రమాణం కాదు, ప్రకటన మాత్రమే. అటువంటి సంఖ్యలను మన విభాగాలూ పత్రికలూ ఇకపై అంగీకరించరాదన్నది ఈ వ్యాసం వాదం.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. పల్లవిలో 20 పదాలు, వాటిలో 12 తత్సమాలు. రెండు చరణాలు, ఒక్కొక్కదానిలో 30 పదాలు, 9 తత్సమాలు. పల్లవిని ఒకసారే లెక్కిస్తే 80 పదాల్లో 30 తత్సమాలు, అంటే 37.5 శాతం. పాటలో పల్లవి మూడుసార్లు వస్తుంది గనుక మూడుసార్లూ లెక్కిస్తే 120 పదాల్లో 54, అంటే 45 శాతం. పాట ఒకటే, కవి ఒకరే; మారింది పరిశోధకుని నిర్ణయం. రెండు నిర్ణయాలూ సమర్థనీయమే. ఏది పాటించారో చెప్పకుండా ఇద్దరు కవులను పోల్చడం మాత్రం సమర్థనీయం కాదు.

సంధి, సమాసం, లిపి ఈ చిక్కును మరింత పెంచుతాయి. ‘రాముడొచ్చాడు’ ఒక పదమా, రెండా? ‘ఫిల్మ్ నగర్’ అని ఎడంగా రాస్తే యంత్రానికి రెండు పదాలు. ‘ఫిల్మ్‌నగర్’ అని కలిపి రాస్తే ఒకటి. పొల్లు నిలబడటానికి మధ్యలో చేర్చే అదృశ్య అక్షరం ఒకచోట ఉండి మరొకచోట లేకపోతే అదే పేరు రెండు వేర్వేరు పదాలుగా లెక్కకు వస్తుంది. పాత ముద్రణ ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చిన పాఠాల్లో ఇటువంటి తేడాలు కంటికి కనబడకుండానే పట్టికలోకి చేరతాయి.

దీనికి పరిష్కారం కొత్తది కాదు. ప్రోగ్రామును మనుషులు చదువుకొనే రచనగా రాయాలని డొనాల్డ్ క్నూత్ 1984లో ప్రతిపాదించాడు. గణాంక భాష ‘ఆర్’లో ఆ భావనను ఫ్రీడ్రిక్ లైష్ 2002లో ‘ఎస్‌వీవ్’గానూ, యీహుయ్ షియె 2012లో ‘నిటర్’గానూ అమలుచేశారు. వీటిలో వ్యాస వాక్యాలూ గణన ఆదేశాలూ ఒకే ఫైల్‌లో ఉంటాయి. ఫైల్‌ను నడిపితే యంత్రం మూల దత్తాంశాన్ని చదివి, లెక్కించి, పట్టికలను వాటి స్థానాల్లో నిలుపుతుంది. ఒక పదాన్ని తత్సమం నుంచి తద్భవానికి మార్చి మళ్లీ నడిపితే దాని మీద ఆధారపడిన ప్రతి శాతమూ మారుతుంది. చేత్తో సంఖ్యలు ఎక్కించే పనీ, ఆ పనిలో దొర్లే పొరపాట్లూ తప్పుతాయి.

పెద్ద పండితులకు ఈ జాగ్రత్త అక్కరలేదని అనుకోవద్దు. ప్రభుత్వ రుణం గురించి ఆచార్యులు రైన్‌హార్ట్, రోగాఫ్ 2010లో ప్రకటించిన వ్యాసాన్ని పరీక్షించడానికి థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి వారి గణన పత్రాన్నే అడిగి తీసుకున్నాడు. సగటులో అయిదు దేశాలు చేరలేదన్న సంగతి 2013లో అలా బయటపడింది. గణన పత్రం చేతికి అందింది గనుకనే ఆ తప్పు దొరికింది.

ఇది విజ్ఞానశాస్త్రాల వారి అలవాటు, సాహిత్యానికి పొసగదని కొందరంటారు. పాఠాంతరాలు చూపని కావ్య పరిష్కరణను మనం ప్రామాణికమని ఒప్పుకుంటామా? ఏ ప్రతిలో ఏముందో, తానెందుకు ఈ పాఠాన్ని స్వీకరించాడో చెప్పడం పరిష్కర్త ధర్మం. గణన ఫైల్ చేసే పనీ అదే. సినీచరిత్రలోనే మరొక నిదర్శనం ఉంది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని ఒక పుస్తకాన్ని చూసి మరొకటి చాలాకాలం రాసుకుంటూ వచ్చాయి. రెంటాల జయదేవ ఆధారాలు వెతికి, సెన్సార్ ధ్రువీకరణ 1932 జనవరి 22న జరిగిందనీ, విడుదల ఫిబ్రవరి 6న బొంబాయిలో అనీ చూపారు. ఒక తేదీకే ఇంత ఆధారం కావాలంటే, వందల పాటల మీద చెప్పే శాతానికి ఎంత కావాలి?

ఫిల్మ్ నగర్ నుంచి వచ్చే వసూళ్ల అంకెల విషయంలో ఈ పట్టింపు ఇంకా అవసరం. జనాదరణకు నిదర్శనంగా పోస్టర్ మీది కోట్లను సిద్ధాంత గ్రంథాల్లోకి ఎత్తుకొస్తున్నాం. గ్రాస్ అంటే టికెట్లకు ప్రేక్షకులు చెల్లించిన మొత్తం. షేర్ అంటే పన్నులూ థియేటర్ ఖర్చులూ పోగా పంపిణీదారుకు మిగిలేది. ఒక చిత్రం గ్రాస్‌ను మరొక చిత్రం షేర్‌తో పోల్చినా, నైజాం లెక్కను సీడెడ్ కలిపిన లెక్కతో పోల్చినా, టికెట్టు ధరల మార్పును విస్మరించినా నిర్ధారణ తలకిందులవుతుంది. అంకె ఎక్కడిదో, ఎలా సవరించారో ఫైల్‌లో ఉంటే చదువరి పట్టుకోగలడు.

పాటల హక్కులు ఆడియో సంస్థలవి గనుక దత్తాంశం బయటపెట్టలేమన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ సాహిత్యం మొత్తాన్ని అచ్చువేయనక్కరలేదు. పాటల జాబితా, వాడిన పాఠం వివరం, పదాల పౌనఃపున్య పట్టిక, వర్గీకరణ, గణన ఆదేశాలు ఇస్తే చాలు. పాఠం సంపాదించుకున్నవారు సరిచూసుకుంటారు. ప్రోగ్రామింగ్ రాదన్న అభ్యంతరానికి జవాబు శిక్షణ. ఛందస్సులో గణవిభజన నేర్చుకున్నవారికి నాలుగు ఆదేశాలు నేర్చుకోవడం అసాధ్యం కాదు.

పునరుత్పాదన ఫలితాన్ని సత్యం చేయదు. తప్పు వర్గీకరణను యంత్రం ఎన్నిసార్లయినా తప్పుగానే లెక్కిస్తుంది. అయితే ఆ తప్పు అందరి కళ్లముందూ ఉంటుంది. దాన్ని దిద్దడానికి మూల పరిశోధకుని అనుమతి అవసరం ఉండదు. కనుక శాతాలపై ఆధారపడే ప్రతి వ్యాసంతోపాటు గణన ఫైల్‌ను కోరడం, పరిశీలకుడు దాన్ని ఒకసారి నడిపి చూడటం, పీహెచ్.డి. సిద్ధాంత గ్రంథంతో దాన్ని విశ్వవిద్యాలయంలో భద్రపరచడం నియమాలు కావాలి. ఆ నియమాలను పాటించలేని వ్యాసం శాతాలను వదిలి, గుణ విశ్లేషణతోనే నిలబడాలి. అందులో చిన్నతనమేమీ లేదు. చిన్నతనమల్లా చూపలేని లెక్కను ప్రమాణంగా నిలబెట్టడంలోనే ఉంది.