బ్లాకు కనిపిస్తే స్టెంటేనా?

నాడి నిమిషానికి 60 దాటి కొట్టుకుంటుంటే గుండె సీటీ ఫోటో అలికేసినట్టు వస్తుంది. అందుకే డాక్టరుగారు రాసిన మెటోప్రొలాల్ మాత్ర వేయించి, గంటసేపు బయట బెంచీ మీద కూర్చోబెడతాం. గుంటూరు కొత్తపేటలో ఒక స్కాన్ సెంటర్లో సీటీ టెక్నీషియన్ని నేను. ఎవరు ఎందుకొచ్చారో ఆ గంటలోనే తెలుస్తుంది. నాలుగు మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందని వచ్చేవాళ్లు కొందరు. ఏ నొప్పీ లేకపోయినా, అమెరికాలో ఉన్న అబ్బాయి ‘ఫుల్ బాడీ ప్యాకేజీ’కి డబ్బు కట్టేశాడని వచ్చేవాళ్లు కొందరు. చెమటలు పట్టి, నొప్పి ఆగకుండా వస్తోందంటే మాత్రం టేబుల్ ఎక్కించను. ముందు ఈసీజీ తీసే ఆసుపత్రికి పరుగెత్తమంటాను.

స్కాన్ కొద్ది నిమిషాల పనే. చేతికి లావుపాటి క్యాన్యులా, నాళాలు విచ్చుకోవడానికి నాలుక కింద నైట్రోగ్లిజరిన్, ఆపైన డై. డై ఎక్కగానే ఒళ్లంతా సెగ పుడుతుంది. “పెద్దమ్మా, ఒంటికి వచ్చేసినట్టు అనిపిస్తుంది, నిజంగా రాదు, కదలకండి” అని ముందే చెప్పకపోతే, ఊపిరి బిగపట్టాల్సిన ఆ పది సెకన్లలోనే ఉలిక్కిపడతారు. మెషీన్ ఇంగ్లీషులో చెప్పేది ఎవరికీ అందదు, మైకులో నేనే చెబుతాను. కిందికి దిగుతూ అందరూ అడిగేది ఒకటే: “ఏం నాయనా, బ్లాకులున్నాయా?”

చెప్పే అధికారం నాకు లేదు, అది రేడియాలజిస్టు పని. నన్ను బాధపెట్టేది రిపోర్టు వచ్చాక జరిగే తంతు. అందులో ‘70 శాతం’ అని కనిపిస్తే చాలు, కారిడార్లోనే బావమరిదికి ఫోన్ వెళుతుంది: “ఎప్పుడు చేరాలో కనుక్కో.” కాల్షియం గట్టిగా పేరుకున్న చోట సీటీలో ఇరుకు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుందని వాళ్లకెవరూ చెప్పరు.

స్కాట్లాండ్‌లో 4,146 మంది ఛాతీ నొప్పి రోగుల మీద స్కాట్-హార్ట్ అనే అధ్యయనం జరిగింది. సగం మందికి మామూలు వైద్యం, మిగతా సగానికి దాంతోపాటు డై ఎక్కించి తీసే ఈ గుండె సీటీ, అంటే సీటీ యాంజియో. 2018లో వెల్లడైన ఐదేళ్ల లెక్క ప్రకారం, గుండె జబ్బుతో చనిపోయినవాళ్లు, గుండెపోటు వచ్చినవాళ్లు కలిపి మామూలు వైద్యంలో 3.9 శాతం, సీటీ తీసినవాళ్లలో 2.3 శాతం. మరి వీళ్లకు స్టెంట్లు ఎక్కువ పడ్డాయా? లేదు. ఐదేళ్లలో గొట్టం పెట్టి తీసే యాంజియోగ్రాములు, స్టెంట్లు, బైపాస్‌లు రెండు వైపులా ఇంచుమించు సమానమే. మారింది మందుల చీటీ. నాళంలో పేరుకున్న కొవ్వు కంటికి కనబడ్డాక ఎక్కువమందికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, ఆస్పిరిన్ రాశారు. ఉత్తర అమెరికాలో 10,003 మందితో సాగిన ప్రామిస్ అధ్యయనంలోనైతే, ట్రెడ్‌మిల్ లాంటి పరీక్షల కంటే సీటీతో ఫలితం మెరుగేమీ కాలేదు. ఫోటో తీసినంత మాత్రాన జబ్బు తగ్గదు మరి. 2020లో వచ్చిన ఇస్కీమియా అధ్యయనం ఇంకా సూటిగా చెప్పింది. నిలకడగా ఉన్న రోగులకు మందులతో పాటు ముందే స్టెంటో బైపాసో చేసినా చావులు, గుండెపోట్లు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. నొప్పి నుంచి ఉపశమనం మాత్రం బాగా దొరికింది, అదీ తక్కువేం కాదు.

మన దగ్గర తంటా ఏమిటంటే, మాత్రలు రాసి పంపిన డాక్టరు సరిగ్గా పట్టించుకోలేదని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. స్టెంటు వేయించుకున్నవాడిని చూడ్డానికి చుట్టాలు యాపిల్స్ పట్టుకుని వస్తారు. స్టాటిన్ వాడేవాడిని చూడ్డానికి ఎవరొస్తారు? పైగా “షుగరొస్తుందట, కాళ్లు లాగుతాయట” అని ఎవరో అంటే రెండో నెలకే మాత్ర మానేస్తాడు.

ప్యాకేజీల మాటా చెప్పాలి. తండ్రికి గుండెపోటు వచ్చింది, కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువుంది, స్టాటిన్ మొదలుపెట్టాలా వద్దా అని తేలనివాళ్లకు గుండె నాళాల్లో కాల్షియం ఎంత పేరుకుందో సీటీతో కొలిచే కాల్షియం స్కోర్ పనికొస్తుంది. దానికి డై అక్కర్లేదు, రేడియేషనూ తక్కువే. కానీ ముప్పై రెండేళ్ల సాఫ్ట్‌వేర్ కుర్రాడికి స్కోర్ సున్నా వచ్చిందంటే సిగరెట్టుకు లైసెన్సు ఇచ్చినట్టు కాదు. మెత్తటి కొవ్వులో కాల్షియం ఉండదు, ఆ పరీక్షకు అది చిక్కదు. ఏ నొప్పీ లేనివాళ్లందరికీ డై ఎక్కించి సీటీ యాంజియో తీయడం, నా జీతం దాని మీద ఆధారపడినా సరే, నాకు నచ్చదు.

రిపోర్టుతో డాక్టరు ముందు కూర్చున్నప్పుడు అడగాల్సినవి వేరే ఉన్నాయి. బ్లాకు ఎడమ ప్రధాన నాళంలో ఉందా? గుండె పంపింగ్ తగ్గిందా? నొప్పి ఈమధ్య ఉన్నట్టుండి పెరిగిందా? మందులు సరిగ్గా వాడుతున్నా నొప్పి అలాగే ఉందా? వీటన్నిటికీ లేదనే జవాబొస్తే, ఎప్పుడు చేరాలని అడక్కండి. ఏ స్టాటిన్, ఎంత మోతాదు, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) మళ్లీ ఎప్పుడు చూడాలి అన్నవి చీటీ మీద రాయించుకుని బయటికి రండి.