మత్తులో ఉన్నా మన శరీరం మనదే

"కోతంటే భయం లేదు గానీ మత్తంటేనే భయం." ఆసుపత్రికి తోడు వెళ్ళినప్పుడల్లా ఆడవాళ్ళ నోట నేను వినే మాట ఇది. దానికి అక్కడ దొరికే జవాబూ ఒక్కటే: "పిల్లల్ని కన్నదానివి, సూదికి భయమేమిటమ్మా? పడుకో!"

ఈ జవాబు మీదే నా అభ్యంతరం. మళ్ళీ తెలివి వస్తుందా? మధ్యలో మెలకువ వస్తే? నడుములో సూది వేస్తే కాళ్ళు పడిపోతాయా? తెలివి లేనప్పుడు నన్నేం చేస్తారు? ఇవి పిరికి ప్రశ్నలు కావు. తన శరీరాన్ని పరాయి చేతుల్లో పెట్టబోయే మనిషి అడిగి తీరవలసిన ప్రశ్నలు.

మొదటి మూడింటికీ మత్తు డాక్టరు పది నిమిషాల్లో జవాబు చెప్పగలరు. నా గాల్‌బ్లాడర్ ఆపరేషనుకు ముందురోజు ఆ డాక్టరుతో మాట్లాడాలని నేను పట్టుబట్టాను. నర్సు విసుక్కుంది. డాక్టరు వచ్చి చెప్పారు: మత్తు ఇచ్చి వెళ్ళిపోరు, చివరిదాకా పక్కనే ఉండి గుండెనూ, బీపీనీ, రక్తంలో ఆక్సిజన్‌నూ గమనిస్తారు. ఆరు గంటల ముందు నుంచీ అన్నం తినొద్దనేది మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకూడదని. నడుములో మత్తిస్తే మొద్దుబారిన కాళ్ళు కొన్ని గంటల్లో మామూలవుతాయి. ప్రమాదం బొత్తిగా లేదని ఆయన అనలేదు, అరుదన్నారు. నా భయం పూర్తిగా పోలేదు గానీ నా అదుపులోకి వచ్చింది.

నాలుగో ప్రశ్నకు జవాబు వైద్యంలో లేదు, హక్కులో ఉంది. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ళ సమీరా కోహ్లీ లాపరోస్కోపీ పరీక్షకని మత్తు తీసుకున్నారు. ఆమె స్పృహలో లేనప్పుడు బయటున్న తల్లిని ఒప్పించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకు ఒప్పుకోవడం ఆపరేషనుకు ఒప్పుకోవడం కాదనీ, ప్రాణాపాయం లేనప్పుడు తెలివి వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలనీ, తల్లి అంగీకారం చెల్లదనీ 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తేల్చింది. పరిహారం మాత్రం 25 వేల రూపాయలు! ఒక స్త్రీ శరీరానికి మనం కట్టిన వెల అది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. అంటే ఇంతమంది తల్లులు మత్తు తీసుకున్నవాళ్ళే. వాళ్ళ కాగితాల మీద సంతకం ఎవరిది? భర్తదా, మామగారిదా? ఆ కాగితంలో ఏముందో ఆమెకు ఎవరైనా చదివి వినిపించారా?

డాక్టర్లకు తీరికేదీ అంటారు. మత్తు డాక్టర్ల కొరత నిజమే. కొరత ఉంటే పోస్టులు నింపాలి గానీ ఆడవాళ్ళ నోరు మూయించకూడదు.

అందుకే మనం అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. ఆపరేషనుకు ముందే మత్తు డాక్టరు ఆమెతో మాట్లాడాలి. ఉబ్బసం, థైరాయిడ్, వాడే మందులు, ఇంతకుముందు మత్తు పడకపోవడం వంటివన్నీ చెప్పుకోనివ్వాలి. ఒప్పుకోలు పత్రం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి, సంతకమో వేలిముద్రో ఆమెదే కావాలి. దేనికి ఒప్పుకుందో అదే చెయ్యాలి.

ధైర్యంగా ఉండమని ఆమెకు చెప్పేముందు, ధైర్యంగా ఉండగలిగే పరిస్థితి ఆమెకు కల్పించండి.